కవలల్లో ఒకరికే వెన్ను బిగిసింది: ఇందులో ఎపిజెనెటిక్స్ పాత్ర ఎంత?

పాలకొల్లు దగ్గరి ఒక ఊరి నుంచి 33 ఏళ్ళ యువకుడు అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. ఆయనా, ఆయన అన్నగారూ అచ్చు గుద్దినట్టుండే కవలలు. అన్నగారికి 23వ ఏట నడుము నొప్పి మొదలైంది. డిస్కు జరిగిందని నాలుగేళ్ళు మాత్రలూ సూదులూ వాడిన తరువాత గాని అది యాంకిలోజింగ్ స్పాండిలైటిస్, అంటే వాపుతో వెన్ను బిగుసుకుపోయే కీళ్ళవాతం, అని తేలలేదు. ఈ జబ్బుతో ముడిపడిన హెచ్‌ఎల్‌ఏ-బి27 (క్లుప్తంగా బి27) అనే జన్యువు పరీక్ష ఇద్దరికీ పాజిటివ్ వచ్చింది, కాని తమ్ముడికి ఇప్పటి వరకు ఏ బాధా లేదు. అన్నగారికి కాలేజీ రోజుల నుంచి సిగరెట్టు అలవాటు ఉంది, తమ్ముడికి లేదు. ఈ తేడా అంతా ఎపిజెనెటిక్స్ (జన్యువు మారకుండానే దాని పనితీరు మారడం) వల్లనేననీ, 18 వేల రూపాయలకు ఒక రక్తపరీక్ష చేసి, అన్నం మాన్పించే ఒక ఆహార పద్ధతితో ఆ జన్యువును ‘ఆఫ్’ చేస్తామనీ ఎవరో చెప్పారట. అది నిజమేనా, జబ్బు తనకూ వస్తుందా, అన్నగారి పిల్లల మాటేమిటి అన్నవి ఆయన సందేహాలు.

ముందు పరీక్ష సంగతి చెప్పేస్తాను: చేయించకండి. ఎపిజెనెటిక్స్ అబద్ధమని కాదు. ఈ జబ్బులో దానికి పాత్ర ఉందనడానికి ఆధారాలున్నాయి, ఇరవై ఎనిమిదేళ్ళుగా కీళ్ళవాత రోగులను చూస్తున్న నాకు ఆ విషయం మీద మక్కువ కూడా ఉంది. కాని ఆ పాత్రను ఒక మనిషి రక్తంలో చదివి, ‘నీకు వస్తుంది, నీకు రాదు’ అని చెప్పగల పరీక్ష ఈ రోజున లేదు. ఎందుకు లేదో తెలియాలంటే బి27 దగ్గర మొదలుపెట్టాలి.

బి27కూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని 1973లో లండన్‌లో ఒక బృందం, లాస్ ఏంజెలిస్‌లో మరొక బృందం విడివిడిగా, దాదాపు ఒకేసారి కనిపెట్టాయి. పాశ్చాత్య దేశాల రోగుల్లో సుమారు 90 శాతం మందికి ఈ గుర్తు ఉంటుంది. అయితే లెక్కను తిరగేసి చూడండి: బి27 ఉన్నవాళ్ళందరినీ ఒకచోట నిలబెడితే అందులో ఈ జబ్బు వచ్చేది నూటికి ఐదుగురికి అటూ ఇటూగా మాత్రమే. రోగికి తోబుట్టువో బిడ్డో అయి, బి27 కూడా ఉన్నవారిలో ఆ సంఖ్య పదికీ ఇరవైకీ మధ్యకు పెరుగుతుంది. ఇక మీలాంటి ఒకే అండపు కవలల విషయంలో, 1997లో బ్రిటన్ నుంచి వచ్చిన ఒక అధ్యయనం పాత కేసులను కూడా కలిపి లెక్కగట్టినప్పుడు, ఒకరికి జబ్బు ఉంటే రెండోవారికి కూడా ఉన్న జంటలు నూటికి 63గా తేలాయి. వేర్వేరు అండాల కవలల్లో, ఇద్దరికీ బి27 ఉన్నా సరే, అది నూటికి పాతిక దరిదాపుకు పడిపోయింది. జన్యువుల బలం ఎంతటిదో ఈ అంకెలే చెబుతున్నాయి, ఒక్క బి27తోనే కథ ముగియదన్నదీ వీటిలోనే ఉంది. కాని అదే పట్టికలో మిగిలిన 37 మంది తమ్ముళ్ళూ అక్కలూ ఉన్నారు కదా, మీరు వాళ్ళలో ఒకరు. (ఆ 63 శాతం మొత్తం ముప్పైకి లోపు జంటల నుంచి వచ్చిన సంఖ్య కనుక దానిని మీ జాతకంగా చదువుకోవద్దు.)

జన్యువు ఒక్కటే చాలదనడానికి కవలలకంటే సూటియైన సాక్ష్యం ఎలుకలు ఇచ్చాయి. 1990లో మనిషి బి27 జన్యువును ఎలుకల్లో ప్రవేశపెడితే వాటికి పేగుల్లోనూ కీళ్ళలోనూ వాపు వచ్చింది. 1994లో అవే ఎలుకలను ఒక్క సూక్ష్మజీవి కూడా సోకని గదుల్లో పెంచి చూస్తే ఆ పేగు వాపూ రాలేదు, కీళ్ళ వాపూ రాలేదు. జన్యువు ఉన్నా, బయటి నుంచి ఏదో వచ్చి దాన్ని తట్టాలి. ఆ తట్టిన గుర్తు కణంలో ఎక్కడ నమోదవుతుంది, తట్టిన చేయి వెళ్ళిపోయాక కూడా ఎలా నిలిచిపోతుంది అన్న ప్రశ్న దగ్గరే ఎపిజెనెటిక్స్ ప్రవేశిస్తుంది.

మన డెల్టాలో పుట్టినవారికి ఈ సంగతి చెప్పడం కష్టం కాదు. ధవళేశ్వరం ఆనకట్ట మీద నుంచి కాలువలోకి వచ్చే నీరు అందరికీ ఒకటే. అయినా ఏ చేలో నీరు నిలుస్తుందో, ఏ చేను నెర్రెలిస్తుందో తేల్చేది కాలువ కాదు, తూములు. ఏ తూము ఎంత ఎత్తాలో చూసే లస్కరు, బోదెలో పేరుకున్న పూడిక, అడ్డం పడిన గుర్రపుడెక్క, ఇవన్నీ కలిసి ఆ పని చేస్తాయి. డీఎన్‌ఏ ఆ కాలువ లాంటిది. మీ ఒంట్లో ఇంచుమించు ప్రతి కణంలోనూ అదే డీఎన్‌ఏ ఉన్నా కాలేయ కణం కాలేయంలాగా, ఎముక కణం ఎముకలాగా పనిచేస్తున్నాయంటే ఒక్కొక్కచోట ఒక్కొక్క వరుస తూములు తెరిచి ఉన్నాయన్నమాట. డీఎన్‌ఏలో ఒక్క అక్షరం కూడా మారకుండా, జన్యువు పనిచేసే స్థాయి మాత్రం మారి, కణం రెండుగా విడిపోయినా ఆ మార్పు నిలిచి ఉండటాన్ని ఎపిజెనెటిక్స్ అంటాము. ఈ పేరును 1942లో కాన్రాడ్ వాడింగ్‌టన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు వాడుకలోకి తెచ్చారు.

కణం ఈ పనిని ముఖ్యంగా మూడు రకాలుగా చేస్తుంది. డీఎన్‌ఏలోని సైటోసిన్ అనే అక్షరానికి మిథైల్ అనే చిన్న రసాయన తునకను తగిలించడం మొదటిది. జన్యువు ముఖద్వారం దగ్గర ఇవి దట్టంగా చేరితే, తూముకు అడ్డంగా మట్టి కొట్టినట్టు, సాధారణంగా ఆ జన్యువు మూగబోతుంది. రెండోది హిస్టోన్లకు సంబంధించినది. డీఎన్‌ఏ దారంలాగా హిస్టోన్లనే ప్రోటీను కండెల మీద చుట్టి ఉంటుంది, ఆ కండెలకు అసిటైల్ తునకలు చేరితే చుట్ట వదులై జన్యువు చదవడానికి అందుతుంది, అవి ఊడితే మళ్ళీ బిగుస్తుంది. మూడోది సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏలు. ఇవి జన్యువును ముట్టుకోవు, దాని నుంచి బయలుదేరిన సందేశాన్ని దారిలోనే పట్టుకుని నిలిపేస్తాయి.

ఇప్పుడు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్‌లో ఏమి కనిపించిందో చూద్దాము. శరీరంలో వాపు సంకేతాలు మితిమీరకుండా పట్టి ఉంచే సాక్స్-1 అనే జన్యువు ఒకటి ఉంది. 2014లో తైవాన్ పరిశోధకులు బి27 ఉన్న రోగుల రక్తంలో ఆ జన్యువుకు మిథైల్ అడ్డుకట్ట పడి ఉండటాన్ని గమనించారు. అంటే బ్రేకుకే బ్రేకు పడిందన్నమాట. అదే దేశంలో అంతకు ముందు ఏడాది, రోగుల టి-కణాల్లో (రోగనిరోధక శక్తికి చెందిన ఒక రకం తెల్లకణాల్లో) కొన్ని సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏలు ఉండవలసినదానికంటే ఎక్కువగా ఉన్నట్టు చూపారు. 2019లో అమెరికా బృందం ఒకటి రోగుల రక్తంలో జన్యుపటం మొత్తాన్నీ జల్లెడ పట్టి, మిథైల్ మార్పుల్లో కొన్ని బి27 ఉండటం వల్లనే కనిపిస్తున్నాయనీ, కొన్ని బి27తో నిమిత్తం లేకుండా ఉన్నాయనీ వేరుచేసి చెప్పింది. ఈ వేరుచేయడం ముఖ్యం. ఎందుకంటే, బి27 వల్లనే వచ్చే మార్పులు మీలో కూడా ఉండే అవకాశం ఉంది. మీ ఆరోగ్యం గురించి అవి మనకు చెప్పేది ఏమీ లేదు.

నన్ను అడిగితే వీటన్నిటికంటే బలమైన ఆధారం మరొకచోట ఉంది. ఈ జబ్బుతో ముడిపడిన చోట్లు జన్యుపటంలో ఇప్పటికి వందకు పైగా దొరికాయి. వాటిలో ఎక్కువ భాగం ప్రోటీను తయారుచేసే జన్యువుల లోపల లేవు. జన్యువులను దూరం నుంచి పెంచే, తగ్గించే నియంత్రణ భాగాల్లో, అంటే మన పోలికలో తూముల దగ్గరే ఉన్నాయి. 2016లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు రంక్స్-3 అనే జన్యువు దగ్గరి అటువంటి ఒక చోటును పట్టుకుని, అక్కడ ఒక్క అక్షరం తేడా ఉంటే సీడీ8 రకం టి-కణాల్లో ఆ తూమును ఎత్తవలసిన ప్రోటీను సరిగా వచ్చి కూర్చోలేకపోతున్నదని చూపారు. పుట్టుకతో వచ్చిన అక్షరమూ, తరువాత ఏర్పడే ఎపిజెనెటిక్ స్థితీ రెండు వేరు వేరు కథలు కావనీ, మొదటిది రెండోదాని ద్వారానే పనిచేస్తున్నదనీ ఇక్కడ తెలుస్తుంది. ‘జన్యువులు కాదు, ఎపిజెనెటిక్సే’ అని వీడియోల్లో చెప్పేవారు ఈ ముడిని విడదీసి అమ్ముకుంటున్నారు.

ఇన్ని ఆధారాలుండగా పరీక్ష ఎందుకు పనికిరాదంటారా? పైన చెప్పిన అధ్యయనాలు రక్తం మీద చేసినవి. జబ్బు ఉన్నది నడుము కింద, త్రికాస్థి కీళ్ళలో, ఎముకకు స్నాయువు అతుక్కునే చోట. ఆ చోటి నుంచి ముక్క తీయడం మామూలుగా కుదరదు కనుక రక్తంతో సరిపెట్టుకుంటున్నాము. ఇది ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం చూసి మొగల్తూరు శివారు చేలో తడి ఎంతుందో చెప్పినట్టే. పైగా రక్తమంటే ఒకే రకం కణం కాదు, వాపు పెరిగితే తెల్లకణాల పాళ్ళు మారతాయి, పాళ్ళు మారితే ఏ కణంలోనూ ఏ మార్పూ లేకపోయినా సగటు మిథైల్ లెక్క మారిపోతుంది. అంతకంటే చిక్కైన సంగతి ఇంకొకటి ఉంది. పదేళ్ళ వాపు, పదేళ్ళ మాత్రలు, పదేళ్ళ నిద్రలేమి మీ అన్నగారి కణాల మీద తమ ముద్రలు వేసి ఉంటాయి. ఈ రోజు మీ ఇద్దరి రక్తం పక్కపక్కన పెట్టి తేడాలు కనిపెట్టడం తేలికే. వాటిలో జబ్బును తెచ్చినవేవో, జబ్బు తెచ్చినవేవో చెప్పడం మాత్రం సాధ్యం కాదు. దానికి జబ్బు రాకముందు తీసి దాచిన రక్తం ఉండాలి.

కవలల మధ్య తేడా కనిపించగానే దానికంతటికీ ఎపిజెనెటిక్స్ పేరు పెట్టడం కూడా పొరపాటు. అచ్చు గుద్దిన కవలలైనా రోగనిరోధక శక్తి విషయంలో ఒకేలా ఉండరు. టి-కణాలు శత్రువును గుర్తుపట్టే గ్రాహకాలను శరీరం జన్యు ముక్కలను పేకముక్కల్లా కలిపి, యాదృచ్ఛికంగా తయారుచేసుకుంటుంది, ఆ పంపకం మీకు వేరు, మీ అన్నగారికి వేరు. 2022 చివర్లో వెలువడిన ఒక పరిశోధనలో ఈ జబ్బు ఉన్నవారి కీళ్ళలోనూ, బి27తో వచ్చే కంటి వాపు ఉన్నవారి కంట్లోనూ ఒకే పోలికగల గ్రాహకాలున్న టి-కణాలు దొరికాయి. బి27 చూపించే బాక్టీరియా తునకలనూ, మన సొంత ప్రోటీను తునకలనూ అవి ఒకేలా పట్టుకుంటున్నాయి. మీ అన్నగారికి ఆ ముక్క పడి, మీకు పడకపోయి ఉండవచ్చు. అదృష్టం అన్న మాట వైద్యుడు రాయకూడదంటారు గాని, ఇక్కడ దానికంటే కచ్చితమైన మాట నాకు దొరకడం లేదు.

సిగరెట్టు సంగతి. లంక పొగాకు పండే నేల మీద బతుకుతూ, తాతల చుట్టలు చూస్తూ పెరిగినవాళ్ళం కనుక పొగను మనం అంత పెద్ద నేరంగా చూడము. పొగ తాగేవారిలో ఈ జబ్బు తీవ్రత ఎక్కువగా ఉండటం, వెన్నుపూసల మధ్య కొత్త ఎముక వేగంగా పెరగడం అనేక అధ్యయనాల్లో కనిపించింది. ఎపిజెనెటిక్స్ వైపు నుంచి చూస్తే, పొగాకు రక్తకణాల మీద వేసే ముద్ర వైద్యశాస్త్రంలో అతి స్పష్టంగా చదవగలిగిన వాటిలో ఒకటి. ఏహెచ్‌ఆర్‌ఆర్ అనే జన్యువు దగ్గర మిథైల్ గుర్తులు తాగిన పొగను బట్టి తగ్గిపోతాయి, మానేసిన తరువాత సంవత్సరాల మీద నెమ్మదిగా వెనక్కు వస్తాయి. ఆ ముద్ర వల్లనే వెన్ను బిగుస్తున్నదని ఎవరూ నిరూపించలేదు, మీ ఇద్దరి తేడాకు సిగరెట్టే కారణమని ఒక్క జంటను చూసి నేను అనలేను. కాని అన్నగారు ఈ రోజు సిగరెట్టు మానేస్తే ఆయన వెన్నుకు జరిగే మేలు, ఆ 18 వేల పరీక్ష కాగితం చేసే మేలుకంటే ఎక్కువని మాత్రం సంతకం పెట్టి చెప్పగలను.

అన్నం మానేయమన్న సలహాకు మూలం పాతదే. పిండిపదార్థం తగ్గిస్తే పేగుల్లో క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా తగ్గి జబ్బు తగ్గుతుందని చాలాకాలం కిందట ఒక వాదం లేచింది, దానిని నిలబెట్టే గట్టి రుజువు తరువాత రాలేదు. దానికే ఇప్పుడు ఎపిజెనెటిక్స్ అనే కొత్త చొక్కా తొడిగారు. నిజమున్నంత మేరకు చెబుతాను: పప్పులు, ఆకుకూరలు, చిక్కుళ్ళ వంటి పీచు ఉన్న తిండిని పేగుల్లోని బాక్టీరియా పులియబెట్టినప్పుడు బ్యూటిరేట్ అనే పదార్థం పుడుతుంది. అది హిస్టోన్ల మీది అసిటైల్ తునకలను ఊడగొట్టే ఎంజైమును అడ్డుకుంటుంది. దానివల్ల వాపును అణచే టి-కణాలు పెరగడాన్ని 2013లో ఎలుకల్లో చూశారు. ఇది అందమైన ఫలితమే, అందుకని మన పళ్ళెంలో పప్పూ తోటకూరా పెరిగితే సంతోషమే. అంతమాత్రాన పప్పు తిన్నవారికి ఈ వెన్ను జబ్బు రాలేదనో, వచ్చింది పోయిందనో మనుషుల్లో తేలలేదు. మిథైల్ తునకల తయారీకి తోడ్పడే విటమిన్ కదా అని ఫోలేట్ మాత్రలు మింగమనేవారు కూడా ఉన్నారు. లోపం ఉంటే వాడాలి, లేనప్పుడు అదనంగా మింగిన ఫోలేట్‌ను ఫలానా జన్యువు దగ్గరికే వెళ్ళమని చెప్పే లస్కరు ఎవరూ లేరు.

మందుల విషయంలోనూ చిక్కు ఇదే. 2015లో ఆక్స్‌ఫర్డ్‌లో రోగుల కణాలను గాజు పాత్రలో పెట్టి, హిస్టోన్లకు అసిటైల్ తగిలించే ఒక ప్రోటీను పనిని అడ్డుకుంటే, ఈ జబ్బుకు ఆయువుపట్టయిన ఐఎల్-17 అనే వాపు సంకేతపు ప్రోటీను తయారీ తగ్గింది. పాత్రలో తగ్గడానికీ మనిషిలో తగ్గడానికీ మధ్య దూరం చాలా ఉంది, ఎందుకంటే అటువంటి మందు ఒక తూముతో ఆగకుండా ఊరి తూములన్నిటి మీదా చేయి వేస్తుంది. ఈ రోజున మీ అన్నగారికి పనికివచ్చేవి రోజూ వ్యాయామం, నొప్పి వాపు మాత్రలు, అవి చాలకపోతే టీఎన్‌ఎఫ్ అనే మరొక వాపు సంకేతాన్నో ఐఎల్-17నో అడ్డుకునే ఇంజెక్షన్లు, లేదా కణం లోపల వాపు సంకేతాలను మోసే జాక్ అనే ఎంజైములను అడ్డుకునే మాత్రలు. ఇంజెక్షన్లకూ జాక్ మాత్రలకూ ముందు లోపల దాగి ఉన్న క్షయ కోసం ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష తప్పనిసరి.

జబ్బు మీకు వస్తుందా? ఇది సాధారణంగా కౌమారం నుంచి ముప్పైల లోపు మొదలవుతుంది, 45 దాటాక మొదలవడం అరుదు. పదేళ్ళుగా మీరు బాగున్నారు, గడిచే ప్రతి ఏడూ మీ పక్షమే. బాధ లేనప్పుడు ఎమ్మారై కూడా వద్దు. పరుగులు తీసేవారిలోనూ, కొత్తగా ప్రసవించిన తల్లుల్లోనూ, ఏ జబ్బూ లేకుండానే ఆ కీళ్ళ దగ్గర వాపు వంటిది కనిపించి అనవసరంగా భయపెడుతుంది. మీరు కనిపెట్టుకుని ఉండవలసింది మీ తెల్లవారుజాములను.

భీమవరం అవతల రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా ఉండే కుర్రవాడు ఒకసారి నా దగ్గరికి వచ్చాడు. బస్తాలు మోసి నడుం పట్టేసిందని అందరూ అన్నారట. ‘పడుకుంటే తగ్గుతుందా?’ అని అడిగాను. ‘పడుకుంటేనే చంపేస్తదండి, మూడింటికి మెలకువొచ్చేస్తది. లేచి చెరువు గట్టు మీద నాలుగు చుట్లు తిరిగితే గాని నడుం వదలదు’ అన్నాడు. ఏరియేటర్లు ఆగాయేమో చూసే మిషతో వారం రోజుల్లో ఎన్ని రాత్రులు తిరిగాడో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు. బరువెత్తిన నడుము పడుకుంటే సుఖపడుతుంది. వాపుతో వచ్చే నడుము నొప్పి పడుకుంటే పెరిగి, తిరిగితే తగ్గుతుంది, ఉదయం అరగంటకు పైగా బిగుసుకుని ఉంటుంది. ఏ యంత్రమూ చూడకముందే ఆ కుర్రవాడి జబ్బు ఆ ఒక్క మాటలో దొరికింది. మీకు అటువంటి నొప్పి మూడు నెలలు నిలిస్తే కీళ్ళవాత నిపుణుణ్ణి కలవండి. ఒక కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేకపోతే మాత్రం మందుల షాపులో చుక్కలు కొనుక్కోకుండా అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఆ వాపు నడుముకంటే ముందే రావచ్చు.

ఇక అన్నగారి పిల్లలు. తండ్రి మీద పడిన ఎపిజెనెటిక్ ముద్రలు పిల్లలకు దిగుతాయన్న భయం పెట్టుకోనక్కరలేదు. వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీసినట్టే, బీజకణాలు తయారయ్యేటప్పుడు ఒకసారి, పిండం ఏర్పడిన తొలి రోజుల్లో మరొకసారి ఆ ముద్రల్లో అత్యధిక భాగాన్ని ప్రకృతి తుడిచేస్తుంది. దిగేది బి27 జన్యువు, అది ఒక్కొక్క బిడ్డకు దిగే అవకాశం సగం. బాధ లేని పిల్లలకు ఆ పరీక్ష ఇప్పుడు చేయించవద్దు. పన్నెండు పదిహేనేళ్ళ వయసులో మడమ నొప్పి అనో, దెబ్బ తగలకుండానే మోకాలు వాచిందనో అంటే, ‘ఎదిగే వయసు నొప్పులు’ అని సరిపెట్టక డాక్టరుకు చూపించి, ‘వీళ్ళ నాన్నకు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఉంది’ అన్న మాటను అన్నిటికంటే ముందు చెప్పమని మీ వదినగారికి చెప్పి ఉంచండి.